మొక్కజొన్న: పీచు కషాయం నుంచి ఒంటి పొడి దాకా, ఇంట్లో ఎలా చేసుకోవాలి

మొక్కజొన్న పొత్తు వలవగానే ముందుగా చెత్తబుట్టలో పడేది పీచు. వేళ్లకు చుట్టుకుంటుంది, గింజల మధ్య ఇరుక్కుంటుంది, తినేటప్పుడు పళ్లకు తగులుకుని విసిగిస్తుంది. విచిత్రం ఏమిటంటే, మొక్కజొన్నను మందుగా వాడిన వాళ్లు అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది ఆ పీచుకే. ఈసారి పొత్తులు తెచ్చుకున్నప్పుడు దాన్ని పారేయకుండా ఒక పళ్లెంలో పెట్టండి. దానితోనే మొదలుపెడదాం.

దానికంటే ముందు రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి, చరిత్ర. మొక్కజొన్న చిట్కా ఏదైనా చెప్పి "ఇది వేల ఏళ్ల రహస్యం" అంటే, ఎవరి వేల ఏళ్లో అడగండి. సుమారు 9000 ఏళ్ల కిందట మెక్సికోలో టియోసింటే అనే అడవి గడ్డిని అక్కడి రైతులు తరతరాలుగా ఏరి, నాటి, మళ్లీ ఏరి మొక్కజొన్నగా మలిచారు. 1492లో కొలంబస్ ఓడలు అమెరికా వైపు దీవులకు చేరాకే అది సముద్రాలు దాటి మిగతా ప్రపంచంలో పంటగా పాకింది. కాబట్టి మొక్కజొన్న విషయంలో పాత జ్ఞానం అంటే మొదట అమెరికా ఖండాల మూలవాసులదే. చైనా, కొరియాల్లో పీచు వాడకం బాగా పేరున్నదే గానీ అది ఆ తర్వాతి కథ.

రెండు, పేర్ల గందరగోళం. గింజ మొత్తాన్ని మర ఆడిస్తే వచ్చేది మొక్కజొన్న పిండి. పసుపుగా, కాస్త గరుకుగా ఉంటుంది. గింజలోంచి పిండిపదార్థాన్ని మాత్రమే వేరుచేస్తే వచ్చేది తెల్లని, నునుపైన పొడి, కార్న్ స్టార్చ్. దీన్నే చాలామంది కార్న్‌ఫ్లోర్ అంటారు. కొన్ని దేశాల్లో మాత్రం కార్న్‌ఫ్లోర్ అంటే మొదటి రకం పిండి. ప్యాకెట్ మీది పేరు చూసి మోసపోకండి. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నొక్కండి. తెల్లగా ఉండి కిచకిచమని శబ్దం చేస్తే అది స్టార్చ్. ఒంటి మీద చల్లుకోవడానికి, ముఖానికి పట్టించడానికి పనికొచ్చేది అదే. పసుపు పిండిని పౌడర్‌లా చల్లుకుంటే దురద తప్ప ఇంకేమీ రాదు.

పీచు కషాయం

పొత్తులోని ఒక్కో దారం ఒక్కో గింజకు అతుక్కుని ఉంటుంది. పుప్పొడి ఆ దారం కొస మీద పడి, లోపలికి దిగితేనే గింజ పడుతుంది. పొత్తులో అక్కడక్కడా గింజ లేని ఖాళీలు కనిపిస్తాయే, ఆ దారాలకు పుప్పొడి అందలేదన్నమాట. అంటే పీచు ఉత్త చెత్త కాదు, పువ్వులో భాగం. అందులో పొటాషియం, కె విటమిన్, మేసిన్ అనే ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థం) ఉంటాయి.

మూత్రం సాఫీగా రావడానికి, మూత్రంలో మంటకు, ఒళ్లు నీరు పట్టినప్పుడు పీచు కషాయం తాగడం చాలాచోట్ల ఉన్న వాడకం. అమెరికాలో ఒకప్పుడు వైద్యుల అధికారిక ఔషధ జాబితాలో కూడా ఇది ఉండేది, తర్వాత తీసేశారు. నిజాయితీగా చెప్పాలంటే, దీని మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా ఎలుకల మీదే. మనుషుల మీద గట్టి ఆధారాలు తక్కువ. నా దృష్టిలో ఇది కెఫీన్ లేని ఒక మంచి వేడి పానీయం. దానివల్ల కాస్త సుఖంగా అనిపిస్తే సంతోషం, రోగం నయం చేస్తుందని మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ఇక చేసే పద్ధతి. మూడు నాలుగు లేత పొత్తులు తీసుకోండి. బయటికి వేలాడే గోధుమరంగు కొసల్ని కత్తిరించి పారేయండి. పురుగుమందులు, దుమ్ము ఎక్కువగా పడేది ఆ కొసల మీదే. ఆకుల లోపల దాగి ఉన్న లేత పసుపు, లేత ఆకుపచ్చ దారాలే కావాలి. మందులు కొట్టని పొలం పొత్తులు దొరికితే మరీ మంచిది. ఎక్కడివో తెలియని పొత్తుల పీచును నేనైతే కషాయానికి వాడను. గింజను ఆకులు కప్పి కాపాడతాయి గానీ పీచు కొసలకు ఆ రక్షణ లేదు.

దారాలను విడదీసి పురుగులు, నల్లబడ్డ పోగులు ఉన్నాయేమో చూడండి. చల్లని నీళ్లలో రెండుసార్లు జాడించండి. రెండు కప్పుల నీళ్లు మరిగించి, పీచు వేసి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. మూతపెట్టి ఇంకో పది పదిహేను నిమిషాలు వదిలేస్తే నీళ్లు లేత బంగారు రంగుకు వస్తాయి. వడగట్టి తాగడమే. రుచి పొత్తులు ఉడికించిన నీళ్లలా కొద్దిగా తియ్యగా ఉంటుంది. నిమ్మరసం గానీ తేనె గానీ కలుపుకోవచ్చు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు కప్పులు చాలు. రాత్రి పడుకోబోయే ముందు తాగితే నిద్రలో లేవాల్సి రావచ్చు.

ఎండబెట్టి దాచుకోవాలంటే, కడిగిన పీచును పలుచని బట్ట మీద ఒకే వరుసగా పరిచి, గాలి ఆడే నీడలో మూడు నాలుగు రోజులు ఉంచండి. రోజుకోసారి తిరగేయాలి, లేకపోతే అడుగు పొర చెమ్మపట్టి బూజు వస్తుంది. వేళ్లతో నలిపితే పుటుక్కున విరగాలి, అప్పుడే ఎండినట్టు. గాజు సీసాలో పోసి, మూత మీద తేదీ రాయండి. కప్పు నీళ్లకు పెద్ద చెంచాడు ఎండు పీచు సరిపోతుంది. సీసా తెరిచినప్పుడు ముక్కిన వాసన వస్తే ఆలోచించకుండా పారేయండి.

ఈ కషాయం అందరికీ కాదు. గర్భిణులు మందు మోతాదులో తాగకూడదు. బీపీకి, షుగర్‌కు మందులు వాడేవాళ్లు, మూత్రం ఎక్కువగా రావడానికి మాత్రలు వేసుకునేవాళ్లు, రక్తం పలుచబడే మందులు తీసుకునేవాళ్లు ముందు తమ డాక్టర్‌ను అడగాలి. ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లకు కె విటమిన్ తేడా తెస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం లెక్క ముఖ్యం. మూత్రంలో మంటతోపాటు జ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే అది ఇన్ఫెక్షన్ పైకి పాకుతున్న గుర్తు కావచ్చు. అప్పుడు కషాయం కాచుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మిగిలిన కషాయాన్ని చల్లార్చి, దూదితో ముఖానికి అద్దుకోవచ్చు. ఎండలో తిరిగొచ్చిన ముఖానికి చల్లగా హాయిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. ఇందులో పాడవకుండా కాపాడే పదార్థం ఏదీ లేదు కాబట్టి సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి.

చర్మానికి మొక్కజొన్న చేసిన చేటు, దానికి పాత విరుగుడు

చర్మానికి మొక్కజొన్న చేసే మేలు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చర్మానికి చేసిన కీడు గురించి చెప్పేవాళ్లు తక్కువ. మూలవాసుల తెలివి నిజంగా తెలిసేది అక్కడే.

1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక వింత జబ్బు గమనించాడు. చేతుల మీద, మెడ చుట్టూ చర్మం ఎర్రబడి, గరుకై, పొలుసులు రాలేది. మెడ చుట్టూ హారంలా వచ్చే ఆ మచ్చను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు పడింది, గరుకు చర్మం అని అర్థం. చర్మంతో ఆగదు, విరేచనాలు, మతి చెడటం, చివరికి చావు. జబ్బు వచ్చినవాళ్లంతా దాదాపు మొక్కజొన్న మీదే బతికేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ ఇది విరుచుకుపడింది. అంటురోగమని అందరూ అనుకుంటుంటే, కాదు, తిండిలో లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు తేల్చాడు. ఆ లోపం నయాసిన్ అనే బి3 విటమిన్‌ది అని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే శాస్త్రవేత్త పరిశోధనతో తెలిసింది.

మరి మెక్సికోలో వేల ఏళ్లుగా అదే మొక్కజొన్న తిన్నవాళ్లకు ఈ జబ్బు ఎందుకు రాలేదు? వాళ్లు గింజను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి తినేవాళ్లు. మొక్కజొన్నలో నయాసిన్ ఉంది గానీ అది ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. సున్నం ఆ ముడి విప్పుతుంది. యూరప్ వాళ్లు విత్తనం పట్టుకుపోయారు, వండే పద్ధతిని మాత్రం అక్కడే వదిలేశారు.

ఈ పద్ధతిని నిక్స్తమల్ చేయడం అంటారు. ఇంట్లో చేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. కిలో ఎండు గింజలకు 10 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్, మూడు లీటర్ల నీళ్లు. ఈ సున్నం ఆహారానికి వాడేదని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉండాలి. గోడలకు వేసే సున్నం పనికిరాదు. నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికే రాతి సున్నం అసలు ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది.

స్టీలు గిన్నె తీసుకోండి. సున్నపు నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. చల్లని నీళ్లలో సున్నం కలిపి, గింజలు వేసి, మెల్లగా ఉడుకు పట్టించండి. సున్నం కలిపేటప్పుడు కళ్లలో పడకుండా చూసుకోండి, చేతులకు గ్లవ్స్ ఉంటే మంచిది. సన్నని సెగ మీద అరగంట నుంచి ముప్పావుగంట ఉంచితే గింజల రంగు ముదురుతుంది, పైతొక్క జిగటగా అవుతుంది. పొయ్యి కట్టేసి రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి, గింజలను చేతులతో రుద్దుతూ మూడు నాలుగు నీళ్లు మార్చి కడగండి. తొక్కలు జారిపోతాయి. గింజను కొరికితే మధ్యలో కాస్త గట్టిగా, చుట్టూ మెత్తగా ఉండాలి. దీన్ని తడిగానే రుబ్బితే రొట్టెలకు సాగే ముద్ద వస్తుంది. మామూలు మొక్కజొన్న పిండితో ఇంత బాగా సాగదు. పైగా కాల్షియం కూడా కలుస్తుంది.

పప్పులు, పాలు, గుడ్లు, కూరలు కలిపి తినేవాళ్లు వారానికి రెండు పొత్తులు తిన్నంత మాత్రాన పెల్లాగ్రా భయం పెట్టుకోనక్కర్లేదు. మొక్కజొన్నే ప్రధాన ఆహారం అయిన ఇంట్లో మాత్రం ఈ శ్రమ వృథా కాదు.

పొత్తు తినడం గురించి

ఇందులో పెద్ద చెప్పేది లేదు. 100 గ్రాముల ఉడికించిన తీపి మొక్కజొన్నలో సుమారు 96 కేలరీలు, 21 గ్రాముల పిండిపదార్థాలు, రెండు గ్రాములకు పైగా పీచుపదార్థం ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని కూరగాయలా కాక ధాన్యంలా లెక్కేసుకోవాలి. పసుపు గింజలో ల్యూటిన్, జియాజాంతిన్ ఉంటాయి. ఈ రెండూ కంటి రెటీనా మధ్యభాగంలో చేరే రంగు పదార్థాలు, ఒళ్లు వాటిని సొంతంగా తయారుచేసుకోలేదు. జియాజాంతిన్ పేరులోని జియా మొక్కజొన్న శాస్త్రీయ నామంలోని మొదటి మాటే. కొద్దిగా వెన్న గానీ నూనె గానీ తగిలిస్తే ఇవి బాగా ఒంటబడతాయి. తెల్ల మొక్కజొన్నలో ఇవి దాదాపు ఉండవు.

ఒక్క జాగ్రత్త. గింజల మీద ఆకుపచ్చగా, నల్లగా బూజు కనిపిస్తే ఆ గింజలను ఏరేసి మిగతావి వాడుకుందాం అనుకోవద్దు. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది లివర్‌ను దెబ్బతీస్తుంది, మామూలు వంట వేడికి పోదు.

ఎండు గింజలను నూనె లేకుండా ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు వేసి పావుగంట మరిగించి తాగడం కొరియా పద్ధతి. కమ్మని వాసన వస్తుంది. కాఫీ మానాలనుకునేవాళ్లు ప్రయత్నించొచ్చు.

స్టార్చ్‌తో చర్మానికి

స్టార్చ్ కణాలు చెమ్మను, జిడ్డును పీల్చుకుంటాయి. చర్మానికి దీనివల్ల జరిగే మేలులో ముప్పాతిక వంతు ఇదే. విటమిన్లు చర్మంలోకి ఇంకిపోతాయి లాంటి మాటలు నమ్మకండి. ఏది చేసినా ముందు మోచేయి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. మొక్కజొన్న పడనివాళ్లూ ఉంటారు.

చెమటకాయలకు, ఎండకు చిటపటలాడే ఒంటికి స్నానం: అరకప్పు స్టార్చ్‌ను ముందు చిన్న గిన్నెలో చల్లని నీళ్లతో ఉండలు లేకుండా కలపండి. దాన్ని బకెట్టు గోరువెచ్చని నీళ్లలో పోయండి. నేరుగా వేడినీళ్లలో పొడి వేస్తే గంజిలా ఉండకడుతుంది. మామూలుగా స్నానం చేశాక చివర్లో ఈ నీళ్లను నెమ్మదిగా ఒంటి మీద పోసుకుని, రుద్దకుండా తువ్వాలుతో అద్దుకోండి. నేల జారుతుంది, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో వెంటనే కడిగేయండి.

ఒంటి పొడి: శుభ్రంగా తుడుచుకుని పూర్తిగా ఆరిన చర్మం మీద, అరచేతిలో కొంచెం వేసుకుని రాసుకోండి. డబ్బాలోంచి గాల్లోకి చల్లొద్దు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, మామూలు పౌడర్లలో వాడే టాల్క్ అనే ఖనిజాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చాక చాలామంది స్టార్చ్ వైపు మళ్లారు. మళ్లడం మంచిదే గానీ ఏ పొడి అయినా ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పసిపిల్లలకు అసలు వాడొద్దనే నేను చెబుతాను, వాళ్లు ఆ ధూళిని పీల్చేస్తారు. తామర ఉన్నచోట, చర్మం ఒరిసి తడిగా ఉన్నచోట కూడా వద్దు. అక్కడ పొడి చెమ్మకు ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది. పుండ్ల మీద, తెగిన గాయాల మీద ఎప్పుడూ చల్లకండి. ఆపరేషన్ గ్లవ్స్‌లో ఒకప్పుడు ఇదే స్టార్చ్ పొడి వాడేవాళ్లు. గాయాల్లో వాపు, శ్వాస ఇబ్బందులు తెస్తోందని 2017లో అమెరికా ఆ గ్లవ్స్‌ను నిషేధించింది.

జిడ్డు ముఖానికి: పెద్ద చెంచాడు స్టార్చ్‌లో చల్లార్చిన పీచు కషాయం గానీ పెరుగు గానీ కలిపి పలుచగా పట్టించండి. పది నిమిషాలు చాలు. పూర్తిగా ఎండి బిగుసుకునే ముందే కడిగేసి, మాయిశ్చరైజర్ రాసుకోండి. వారానికోసారి. పొడి చర్మం ఉన్నవాళ్లకు ఇది అవసరం లేదు. నిమ్మరసం కలపమనే చిట్కాలు కనిపిస్తాయి, కలపొద్దు. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడొచ్చు.

స్టార్చ్‌ను నీళ్లలో ఉడికించి జెల్‌లా చేసి ముఖానికి రాస్తే ముడతలు పోతాయని, ఇంట్లోనే బొటాక్స్ అని వీడియోలు తిరుగుతున్నాయి. ఆ జెల్ ఎండి పొరలా బిగుస్తుంది, కాసేపు ముఖం బిగువుగా అనిపిస్తుంది. కడుక్కుంటే అదీ పోతుంది. ఏదైనా ఫంక్షన్‌కు ముందు సరదాకి వేసుకుంటే తప్పులేదు, అంతకంటే ఆశ పెట్టుకోవద్దు.

పసుపురంగు మొక్కజొన్న పిండితో స్క్రబ్ చేయాలంటే సన్నని జల్లెడ పట్టి, చెంచాడు పిండిలో తేనె కలిపి, తడి చర్మం మీద అర నిమిషం వేలికొసలతో తేలిగ్గా తిప్పండి. మోచేతులకు, మోకాళ్లకు బాగుంటుంది. మొటిమలున్న ముఖం మీద రుద్దితే మొటిమలు పగిలి ఇంకా మండుతాయి.

తలస్నానానికి టైమ్ లేనప్పుడు పాపిట పొడవునా కొంచెం స్టార్చ్ అద్ది, ఐదు నిమిషాలాగి, బాగా దువ్వేయండి. నల్ల జుట్టు మీద తెల్లగా కనిపిస్తుంది కాబట్టి తియ్యగా లేని కోకో పొడి సగానికి సగం కలపొచ్చు. దీంతో మాడు శుభ్రపడదు, జిడ్డు మాత్రమే ఆరుతుంది. మర్నాడు తలస్నానం చేయాల్సిందే.

నూనె, ఆ తర్వాత ఒక పొరపాటు

మొక్కజొన్న నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది, ఇ విటమిన్ కూడా. మడమల పగుళ్లకు రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు నానబెట్టి, అద్ది, తడి పూర్తిగా ఆరకముందే నాలుగు చుక్కలు రుద్ది సాక్సులు వేసుకోండి. నూనె ఆ తడిని పట్టి ఉంచుతుంది. పగుళ్లలోంచి రక్తం వస్తుంటే, షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఇంటి వైద్యం మానేసి చూపించుకోండి. సీసా తెరిచాక చల్లని, చీకటి చోట పెట్టండి. ఈ నూనె వెలుతురుకు త్వరగా మక్కిపోతుంది.

కాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా. పాదం అడుగున వచ్చే ఆనెకాయను ఇంగ్లీషులో కార్న్ అంటారు. అది చూసి మొక్కజొన్న ముద్దను ఆనెకు కట్టేవాళ్లున్నారు! ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. ఆనె పేరు కొమ్ము అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, ధాన్యం పేరు వేరే మూలం నుంచి. ఆనెకు కావాల్సింది ఒత్తిడి తగ్గించే మెత్తని, సరిపోయే చెప్పులు.